పార్కు మొత్తానికి ఒకే థీమ్ ఉండాలా? పక్క నాలుగు ఎకరాలు కలిపే ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. బరంపురానికీ ఇచ్ఛాపురానికీ మధ్య హైవే పక్కన ఆరు ఎకరాల్లో మీ కుటుంబం వాటర్ పార్కు నడుపుతోంది. వేవ్ పూల్, మూడు స్లైడ్లు, పిల్లల కొలను, రెయిన్ డాన్స్ ఉన్నాయి. మే నెల ఆదివారాల్లో 1500 మంది దాకా వస్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రోజుకి వంద మంది రావడం కూడా కష్టం. పక్కన నాలుగు ఎకరాలు కొన్నారు. అందులో పొడి రైడ్లు (నీళ్ళు లేని ఆటలు) పెడదామంటే, డిజైనర్ గారు పాతదీ కొత్తదీ కలిపి పార్కంతా డైనోసార్ థీమ్‌లోకి మార్చాలని, లేకపోతే ఎగ్జిబిషన్ గ్రౌండులా ఉంటుందని అంటున్నారు. నాలుగు కోట్ల బడ్జెట్లో కోటిన్నర ఆ థీమింగ్‌కే పోతుంది. ఒప్పుకోవాలా అన్నది మీ ప్రశ్న.

ఒప్పుకోవద్దండి. పార్కు మొత్తానికి ఒకే థీమ్ అక్కర్లేదు. ప్రతి భాగమూ తనంతట తాను ఒక చోటులా అనిపించాలి. ఒక భాగంలో నిలబడితే రెండో భాగం కంటికి అడ్డు రాకూడదు, దాని పాటలు చెవిలో పడకూడదు. ఆ రెండూ సాధించడానికి డైనోసార్లకి పెట్టే ఖర్చులో మూడో వంతు చాలు. మీ నాలుగు కోట్లలో మొదటి వాటా నీడకి, మరుగుదొడ్లకి, గంటకి ఎక్కువ మందిని ఎక్కించగల రైడ్లకి పోవాలి.

డిజైనర్ గారి మాటలో ఒక నిజం ఉంది. నాలుగు కంపెనీల దగ్గర కొన్న రైడ్లు నాలుగు రంగుల్లో ఖాళీ స్థలంలో నిలబెడితే అది ఎగ్జిబిషన్ గ్రౌండే. కాకపోతే దానికి మందు ఒకే థీమ్ అనుకోవడం దగ్గరే పొరపాటు జరుగుతోంది.

ఈ నమ్మకం చాలామందికి డిస్నీలాండ్ ఫొటోలు చూసి వస్తుంది. 1955 జులైలో అమెరికాలోని అనాహైమ్‌లో తెరిచిన రోజునే అందులో ఐదు భాగాలున్నాయి: పాతకాలపు అమెరికా ఊరి వీధి, అడవి, పడమటి సరిహద్దు సీమ, జానపద కథల కోట, రేపటి ప్రపంచం. అడవికీ రాకెట్టుకీ విషయంలో సంబంధమేమీ లేదు. వాటిని కలిపింది నేల మీద వేసిన ప్లాను. లోపలికి వెళ్ళడానికి ఒకటే దారి, మధ్యలో ఒక కూడలి, అక్కణ్ణుంచి చక్రం ఆకుల్లా చీలిన దారులు, దూరం నుంచి కనబడే కోట. చుట్టూ మట్టిగట్టు పోసి దాని మీద రైలు పట్టాలు వేశారు కాబట్టి బయటి ఊరు లోపలికి కనబడదు. ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డునున్న సీడార్ పాయింట్ పార్కుకి మొత్తాన్నీ కట్టిపడేసే కథే లేదు. జనం రోలర్ కోస్టర్ల కోసం వెళ్తారు, ఏళ్ళ తరబడి వెళ్తూనే ఉన్నారు.

ఇంకోవైపు చూడండి. న్యూయార్క్‌లో 1960లో ఫ్రీడమ్‌లాండ్ తెరిచారు. పార్కంతా అమెరికా చరిత్రే, అంతకన్నా గట్టి థీమ్ ఎక్కడా ఉండదు. 1964లో దివాలా తీసి మూతపడింది. అమెరికాలోనే మర్టల్ బీచ్‌లో 2008లో రాక్ సంగీతం మీద కట్టిన హార్డ్ రాక్ పార్కు అదే ఏడాది దివాలా తీసింది. రెండింటి పతనానికీ డబ్బు కారణాలు చాలా ఉన్నాయి, థీమే ముంచేసిందని నేననను. థీమ్ ఎంత బిగువుగా ఉన్నా లెక్కలు తప్పితే అది కాపాడదు, అంతవరకే అంటాను. డిస్నీ వాళ్ళే 2001లో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక్కదాని మీదే రెండో పార్కు కట్టారు. తర్వాత వంద కోట్ల డాలర్లకి పైగా పోసి 2012 దాకా దాన్ని తిరగరాయాల్సి వచ్చింది.

మీకు బాగా పనికొచ్చే ఉదాహరణ అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని హాలిడే వరల్డ్ పార్కు. 1946లో మొదలైనప్పుడు అది శాంటాక్లాజ్ లాండ్, క్రిస్మసే ప్రధాన విషయం. అలాంటి ఇరుకు పేరు కింద కొత్తవి కలపడం కష్టం. 1984లో పేరు మార్చి "పండుగలు" అనే పెద్ద గొడుగు పట్టారు. హాలోవీన్ ఒక భాగం, వాళ్ళ స్వాతంత్ర్య దినం ఒక భాగం అయ్యాయి. 1993లో నీటి పార్కు, 2006లో థాంక్స్‌గివింగ్ భాగం వచ్చాయి. కొత్తది కలిసిన ప్రతిసారీ పాతదాన్ని పడగొట్టే పని పడలేదు. జర్మనీలో 1975లో మొదలైన యూరోపా పార్కు 1982లో ఇటలీ భాగంతో ఒక్కో దేశాన్నీ కలుపుకుంటూ పోవడమూ ఇలాంటిదే. గొడుగు పెద్దదిగా, భాగాలు చిన్నవిగా పెట్టుకుంటే రేపు ఇంకో రెండు ఎకరాలు కొన్నా ఇబ్బంది ఉండదు. డైనోసార్లతో మొదలుపెడితే వచ్చే పదేళ్ళూ కొనే ప్రతి రైడుకీ డైనోసార్ తోక తగిలించాల్సిందే.

మీ జనం సంగతికి వద్దాం. మీ దగ్గరికి వచ్చేది బరంపురం, ఛత్రపురం, ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస, పర్లాకిమిడి వాళ్ళు. వీళ్ళు పర్యాటకులు కారు. బాగుంటే ఏడాదికి రెండు మూడుసార్లు వస్తారు, చుట్టాలొస్తే ఇంకోసారి. పెద్ద రైడ్లు కావాలనుకున్నవాళ్ళు 2024లో భువనేశ్వర్ దగ్గర తెరిచిన వండర్‌లా పార్కుకి మూడు గంటలు ప్రయాణం చేసైనా పోతారు. దానితో మీరు ఎత్తులో పోటీ పడలేరు. దగ్గరగా ఉండడం, సాయంత్రం పూట రాగలగడం, తాతగారిని కూడా తీసుకురాగలగడం మీ బలాలు. మళ్ళీ మళ్ళీ వచ్చేవాడికి కదిలే బొమ్మ మొదటిసారి వింత, రెండోసారి ఫొటో, మూడోసారి అటు చూడను కూడా చూడడు. పైగా ఈ బొమ్మలకి లోపల ఇనుప చట్రం, మోటార్లు, పైన స్పాంజి మీద సిలికాన్ తోలు ఉంటాయి. మెడ దగ్గర, దవడ దగ్గర తోలు ముందు చిరుగుతుంది. ఆ చిరుగులోంచి వాన నీరు దిగి, ఉప్పుగాలి తోడై మోటారు పట్టేస్తుంది. నోరు తెరిచి ఆగిపోయిన డైనోసార్‌ని పిల్లలు చూస్తే పార్కు పాడుపడిందనే అనుకుంటారు. కదలని చెట్టుకి ఆ బాధ లేదు.

ముందు గంట లెక్క వేయండి. విస్తరణలో అన్నిటికన్నా ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఏడాదిలో అతి రద్దీ రోజుని పట్టుకుని కట్టొద్దు, సగటు రోజుని పట్టుకునీ కట్టొద్దు. టికెట్ల పుస్తకం తీసి రోజులన్నీ రద్దీ వరసలో పేర్చండి. పై నుంచి పదిహేనో ఇరవయ్యో స్థానంలో ఉన్న రోజున ఎంతమంది వచ్చారో ఆ సంఖ్యని ఆధారంగా తీసుకోండి. విస్తరణ తర్వాత ఆ సంఖ్య 1800 కావాలని మీ ఆశ అనుకుందాం. అందరూ ఒకేసారి లోపల ఉండరు, మధ్యాహ్నం పతాక సమయంలో సుమారు 75 శాతం, అంటే 1350 మంది ఉంటారు. ఒక్కో మనిషికి గంటకి సగటున కనీసం ఒకటిన్నర ఆటలు దొరకాలి. అంటే పార్కు మొత్తం కలిపి గంటకి సుమారు 2000 మందిని ఆడించగలగాలి.

ఇప్పుడున్నది చూద్దాం. వేవ్ పూల్ 500 చదరపు మీటర్లు అయితే, మనిషికి రెండున్నర చదరపు మీటర్ల చొప్పున ఒకేసారి 200 మంది దిగొచ్చు. సగటున అరగంట ఉంటారు కాబట్టి గంటకి 400. స్లైడ్లలో ఒక్కో వరసకి 40 సెకన్లకి ఒకరిని వదిలితే గంటకి 90 మంది, ఐదు వరసలుంటే 450. పిల్లల కొలనూ రెయిన్ డాన్సూ కలిపి 300 అనుకుందాం. మొత్తం 1150. తక్కువ పడేది 850. క్యాంటీన్‌నీ లాకర్లనీ ఈ లెక్కలో కలపొద్దు.

ఆ 850ని పొడి రైడ్లతో నింపాలి. కాటలాగులో రాసిన సామర్థ్యంలో 70 శాతమే నిజంగా వస్తుంది. పిల్లలు ఏడుస్తారు, చెప్పులు వెతుక్కుంటారు, బెల్టు రెండోసారి చూడాలి. 40 సీట్ల కొలంబస్ పడవ మూడు నిమిషాలు ఊగి నాలుగు నిమిషాల్లో నిండితే గంటకి ఎనిమిది ఆటలు, 320 మంది, చేతికొచ్చేది 225. 24 సీట్ల మెరీ గో రౌండ్ 170. 20 సీట్ల పిల్లల రైలు 170. డాషింగ్ కార్లు 12 ఉంటే 100. 16 పెట్టెల జెయింట్ వీల్ ఎక్కించడం నెమ్మది కాబట్టి 200. కూడితే 865. మీకు కావలసింది సరిపోయింది. ఇందులో ఒళ్ళు గగుర్పొడిచే రైడ్ ఒక్కటీ లేదని మీ అబ్బాయిలు పెదవి విరుస్తారు. అలాంటి రైడ్ ఒకటి రెండో విడతలో తెండి. ఈ ఐదూ లేకుండా అదొక్కటే తెస్తే దాని ముందు గంట క్యూ, మిగతాచోట ఖాళీ.

జెయింట్ వీల్ కొనేటప్పుడు కరెంటు పోతే చేత్తో తిప్పి మనుషుల్ని దించే ఏర్పాటు ఉందో లేదో మీ కళ్ళతో చూడండి, చేయించి చూడండి. ఏ రైడుకైనా పునాది డ్రాయింగు, బరువుల లెక్క, వెల్డింగులకీ పిన్నులకీ చేసిన పరీక్షల కాగితాలు, రోజువారీ తనిఖీ పట్టిక అడగండి. రైడ్ల భద్రతకి అంతర్జాతీయంగా ఐఎస్ఓ 17842 ప్రమాణం ఉంది, మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణాలూ ఉన్నాయి. దేని ప్రకారం చేశారో రాతలో తీసుకోండి. జాతరల్లో తిరిగిన సెకండ్ హ్యాండ్ రైడ్లు చవగ్గా వస్తాయి. వందసార్లు విప్పి బిగించిన బోల్టు రంధ్రాలు సాగి ఉంటాయి, పైన రంగు వేస్తే కనబడవు. వద్దు.

సరిహద్దు దగ్గర ఖర్చు పెట్టండి. పాత ఆరు ఎకరాలు తడి, కొత్త నాలుగు పొడి. ఈ రెండూ కలిసే చోటే మీ పార్కు బాగుంటుందో చెడుతుందో తేలిపోతుంది. తడి బట్టలతో పొడి రైడ్ ఎక్కితే క్లోరిన్ నీరు సీటు స్పాంజిలో దిగుతుంది, నడుముకి అడ్డంగా బిగించే కడ్డీ తాళంలో తుప్పు పడుతుంది, ఇనుప మెట్లు జారతాయి. "తడి బట్టలతో ఎక్కరాదు" అని బోర్డు పెడితే ఎవరూ ఆగరు. అందుకని సరిహద్దులో డిజైనర్ గీసిన గుహ గుమ్మం బదులు బట్టలు మార్చుకునే గదులు, లాకర్లు, మరుగుదొడ్లు ఒకే వరసలో కట్టండి. ఒకవైపు తలుపు తడికి, రెండోవైపు తలుపు పొడికి. మధ్యలోంచి తప్ప వేరే దారి ఉండకూడదు. మనుషులు ఎవరూ చెప్పకుండానే ఆరి బయటికొస్తారు. ఆ భవనమే రెండు లోకాల మధ్య తెర అవుతుంది. ఎలాగూ కట్టాల్సిన మరుగుదొడ్ల డబ్బుతోనే థీమ్ పని సగం అయిపోతుంది.

ఎత్తు ఎంత ఉండాలో లెక్క కట్టొచ్చు. మనిషి కన్ను నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. పది మీటర్ల స్లైడ్ టవర్ అతనికి 60 మీటర్ల దూరంలో ఉందనుకోండి. అడ్డు 20 మీటర్ల దూరంలో కడితే 4.3 మీటర్లు ఉండాలి. అదే అడ్డు అతనికి ఆరు మీటర్ల దగ్గర ఉంటే 2.4 మీటర్లు చాలు. కాబట్టి తెర ఎప్పుడూ చూసేవాడికి దగ్గరగా పెట్టాలి. దాచాలనుకున్న వస్తువు పక్కన పెడితే ఖర్చు రెట్టింపు. గదుల వరస నాలుగున్నర మీటర్లు లేపి, పొడివైపు దారి పక్కన వెదురు పొదలు వేస్తే నీలం ఫైబర్ గొట్టాలు కనబడవు. దారిని తిన్నగా వేయకుండా ఒక వంపు తిప్పండి, 12–15 మీటర్లు నడిచేదాకా ముందున్నది తెలియకూడదు. నేల కూడా మార్చండి. తడివైపు గరుకు సిమెంటు, పొడివైపు ఎర్ర ఇటుక రంగు పేవర్లు. కళ్ళకన్నా ముందు కాళ్ళకి తెలుస్తుంది.

శబ్దం ఇంతకన్నా మొండిది. రెయిన్ డాన్స్ స్పీకర్లు ఇప్పుడు ఏ దిక్కుకి తిరిగి ఉన్నాయో చూసి, కొత్త స్థలానికి వీపు పెట్టేలా తిప్పండి. పెద్ద బాక్సులు రెండు గట్టిగా మోగించేకన్నా చిన్నవి ఎనిమిది పెట్టి తగ్గించి వాయిస్తే డాన్స్ చేసేవాళ్ళకి సరిపోతుంది, పక్కకి పోదు. రెండు భాగాల మధ్య 20–25 మీటర్లు ఏ పాటా లేకుండా వదలండి. సినిమా పాటలు వేస్తున్నారు కాబట్టి ఐపీఆర్ఎస్, పీపీఎల్ అనే సంగీత హక్కుల సంస్థల లైసెన్సుల సంగతి కూడా చూసుకోండి, ఇది చాలా పార్కులు వదిలేసే విషయం. రాత్రి 10 దాటాక మైకు ఎలాగూ కుదరదు.

మీ గొడుగు ఏది కావచ్చు. నన్నడిగితే "తీరం నుంచి కొండ దాకా". మీకు అరవై డెబ్భై కిలోమీటర్ల లోపలే గోపాలపూర్ సముద్రమూ, అటువైపు 1501 మీటర్ల మహేంద్రగిరీ ఉన్నాయి. పాత నీటి భాగం తీరం అవుతుంది. తెప్పలు, వలలు, మొగలి పొదలు, ఋషికుల్య ఒడ్డున గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు, చిలికా పక్షులు, డాల్ఫిన్లు. పిల్లల కొలనులో ఏనుగు బొమ్మ బదులు తాబేలు. కొత్త పొడి భాగం కొండ. వెదురు, రాళ్ళు, జీడి చెట్లు, సంత. రేపు ఇంకో స్థలం కలిస్తే పర్లాకిమిడి రాజవీధో, బరంపురం పట్టు మగ్గాల వీధో పెట్టొచ్చు. ఏదీ పాతదాన్ని కాదనదు. వచ్చేవాళ్ళు తమ ఊళ్ళని తామే గుర్తుపడతారు, పిల్లలకి చూపించి చెప్పుకుంటారు. ఆ సంతోషం పెద్ద పార్కులేవీ వాళ్ళకి ఇవ్వలేవు.

దీనికి రెండు జాగ్రత్తలు. మొదటిది దేవుళ్ళ విషయం. రెండేళ్ళకోసారి జరిగే బుడి ఠాకురాణి యాత్రలో పులి వేషాలు బరంపురం వాళ్ళ ప్రాణం, ఆ పులి చారల రంగులు మీ సంత వీధికి బాగా కుదురుతాయి. కానీ అమ్మవారి రూపం, ఘటం మాత్రం తడి కాళ్ళతో, చెప్పులతో తిరిగే చోట పెట్టకండి. సవరల గోడ బొమ్మలు కూడా అంతే. అందంగా ఉన్నాయని ఫొటో చూసి పెయింటర్‌తో గీయిస్తారు, వాళ్ళకి అవి పూజకి గీసే బొమ్మలు. సవర చిత్రకారుల్నే పిలిపించి, ఏవి గోడకి పనికొస్తాయో వాళ్ళనే చెప్పనిచ్చి, వాళ్ళ చేతే వేయించి, కూలి కాకుండా కళాకారుడికిచ్చే డబ్బు ఇవ్వండి. రెండోది, టీవీ కార్టూన్ బొమ్మల జోలికి పోవద్దు. గోడ మీద మిక్కీ, భీమ్ గీయడం ఊళ్ళో అందరూ చేసే పనే గానీ అవి వేరేవాళ్ళ హక్కులు. నోటీసు వచ్చిన రోజున గోడంతా సున్నం కొట్టుకోవాలి.

దూరం నుంచి కనబడే గుర్తు ఒకటి ఉండాలి. మీకు అది సిద్ధంగా ఉంది, స్లైడ్ టవర్. గోపాలపూర్ లైట్‌హౌస్ తలపించేలా దాన్ని మారిస్తే హైవే మీద బస్సులోంచే తెలుస్తుంది. కానీ ఇక్కడ ఆగి ఇంజనీరుని పిలవండి. ఆ టవర్‌ని గాలి మధ్యలోంచి పోయే ఇనుప చట్రంగా లెక్కకట్టి కట్టారు. మీరు దాని చుట్టూ షీటు తొడిగితే అది తెరచాప అవుతుంది. కట్టడాల మీద గాలి బరువు లెక్కకి వాడే ఐఎస్ 875 ప్రమాణం మూడో భాగం ప్రకారం మీ తీరంలో మూల గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. ఒత్తిడి సుమారు 0.6 ఇంటూ 50 ఇంటూ 50, అంటే చదరపు మీటరుకి 1500 న్యూటన్లు, దాదాపు 150 కిలోలు. పది మీటర్ల ఎత్తు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న ఒక్క ముఖం మీద ఆరు టన్నులు. పాత బోల్టులు దానికి పెట్టినవి కావు. ఎత్తు, ఆకారం, నేల తీరు గుణకాలు కలిపి అసలు లెక్క ఇంజనీరు తేల్చాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తితిలీ పలాస దగ్గర దాటింది. ఇది మీ ఊళ్ళో ఎప్పుడో వచ్చే ముప్పు కాదు. షీటు బదులు సగం ఖాళీ ఉన్న జాలీ పలకలు వేసి ఎరుపు తెలుపు చారలు పెయింట్ చేస్తే దూరానికి నిండుగానే కనబడుతుంది. నీడ కోసం వేసే షేడ్ నెట్లు కూడా తుపాను హెచ్చరిక రాగానే ఇద్దరు మనుషులు గంటలో విప్పగలిగేలా కొక్కేలతో కట్టించండి.

ఇక సామగ్రి. కాంట్రాక్టర్లు ఎక్కువగా థర్మాకోల్ చెక్కి పైన ఫైబర్ పూస్తారు. తేలిక, వేగంగా అవుతుంది. క్యూబిక్ మీటరుకి 20–25 కిలోల సాంద్రత ఉన్నది, మంటని అడ్డుకునే రకం అడగండి. ప్యాకింగ్‌కి వాడే పది పన్నెండు కిలోల రకం వేస్తే పిల్లాడు తన్నితే గుంట పడుతుంది. వంటగది దగ్గర, జనరేటర్ దగ్గర థర్మాకోల్ పని అసలు వద్దు. చేతికి అందే ఎత్తు వరకు రాళ్ళు, మానులు ఫెర్రోసిమెంటులో చేయించండి. 8 ఎంఎం కడ్డీలు 15–20 సెంటీమీటర్లకి ఒకటి, రెండు పొరల చికెన్ మెష్, ఒక పాలు సిమెంటుకి రెండున్నర పాళ్ళ ఇసుక, 30–40 మిల్లీమీటర్ల మందం, కనీసం ఏడు రోజులు తడి. మెష్ మీద సిమెంటు 15 మిల్లీమీటర్లయినా కప్పాలి. పైపైన పూస్తే రెండు మూడు వేసవుల్లో లోపలి తీగ తుప్పు పట్టి ఉబ్బి, గోధుమరంగు చారలు దిగి, పెచ్చులూడుతుంది. బోలుగా ఉన్న ప్రతి బొమ్మకీ అడుగున నీరు పోయే రంధ్రం వదలమనండి. అది లేకపోతే లోపల దోమలు. ఇనుము ఏదైనా వేడి గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచడం) చేయించాకే తేవాలి, సైటులో వెండి రంగు పెయింట్ కొట్టడం గాల్వనైజింగ్ కాదు. నీళ్ళ దగ్గర బోల్టులు 304 రకం కాదు, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. రంగుల్లో ఎరుపు, పసుపు ముందు వెలుస్తాయి. థీమింగ్‌కి పెట్టినదాంట్లో ఏటా నాలుగైదు శాతం మరమ్మతుకి పక్కన పెట్టకపోతే మూడో ఏడు పార్కు ముసలిదైపోతుంది.

డబ్బు నేనైతే ఇలా పంచుతాను. దారులు, కాలవలు, కరెంటు, గదుల వరస, నీడ కలిపి 1 కోటి 10 లక్షలు. రైడ్లకి 2 కోట్లు. థీమింగ్‌కి 45 లక్షలు, అందులో సగం చెట్లకి. మిగిలిన 45 లక్షలు ముట్టుకోకుండా ఉంచాలి, పునాదుల్లోనో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో తప్పకుండా అవసరం పడుతుంది. మరుగుదొడ్లు ఆడవాళ్ళకి నలభై మందికి ఒకటి, మగవాళ్ళకి అరవై మందికి ఒకటి. తడి బట్టలు విప్పుకోవాలి కాబట్టి మామూలు లెక్క ఇక్కడ చాలదు.

చలికాలం ఖాళీ తీరాలంటే పొడి భాగానికి వేరే గేటు, వేరే టికెట్ పెట్టండి. డిసెంబరు, జనవరి పిక్నిక్ బ్యాచ్‌లు నీళ్ళలో దిగరు, చెట్ల కింద వంట చేసుకునే చోటు అడుగుతారు. అర ఎకరం దానికి వదిలితే చాలు. జూన్ మధ్యలో రజ పండుగ మూడు రోజులూ ఒడియా ఆడపిల్లలకి ఉయ్యాలలు ఉండాల్సిందే. కొండ భాగంలో ఎనిమిది పది ఉయ్యాలలు కట్టండి. తాడు కట్టిన దూలం మూడు మీటర్ల ఎత్తులో ఉంటే ముందు ఆరు మీటర్లు, వెనక ఆరు మీటర్లు ఖాళీ ఉండాలి, కింద 30 సెంటీమీటర్ల ఇసుక. ఒక దూలానికి రెండుకు మించి వద్దు. పెద్ద రైడ్ ధరలో నూరో వంతు కూడా కాదు, ఆ వారం మీ గేటు దగ్గర జనాన్ని మీరే చూస్తారు.

బోర్డులు ఒడియా, తెలుగు, హిందీ మూడింటిలోనూ రాయించండి. ఎత్తు పరిమితి మాత్రం రాతతో కాకుండా గీతతో, బొమ్మతో చూపించండి. లైఫ్‌గార్డుల్లో ప్రతి షిఫ్టులో ఒడియా, తెలుగు రెండూ వచ్చినవాళ్ళు ఉండాలి. "ఆగు" అన్న మాట పిల్లాడికి వెంటనే అర్థం కావాలి.

అనుమతుల మీద ఎక్కువ రాయను, స్థానిక వకీలు చూడాల్సినవి. నాలుగు ఎకరాలు పొలం అయితే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఏ కింద మార్పిడి చేయించకుండా పునాది తవ్వొద్దు. హైవే నుంచి కొత్త గేటు తీయాలంటే దానికి వేరే అనుమతి కావాలి. కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి, భూగర్భజలాల అనుమతి విస్తరణతో మారతాయి. కొత్త గదుల మురుగునీరు ఎటు పోతుందో ప్లానులో చూపించాలి. ఫిల్టర్లు కడిగిన (బ్యాక్‌వాష్) నీళ్ళు పక్క పొలంలోకి వదిలే అలవాటు ఉంటే ఈ సందర్భంగా ఆపేయండి.

డిజైనర్ గారిని వదులుకోమని నేను చెప్పడం లేదు. గొడుగు మార్చి, సరిహద్దు భవనం గీయమని చెప్పండి. ఒప్పందంలో డబ్బు విడతలుగా రాయండి: ప్లాను, అడ్డుకోతలు (నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగులు), సామగ్రి జాబితా చేతికొచ్చాక ఒక విడత, నమూనా పలక ఒప్పుకున్నాక ఇంకో విడత. నమూనా అంటే కంప్యూటర్ బొమ్మ కాదు. ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు ఉన్న నిజమైన రాతి గోడ ముక్క, అదే మెష్, అదే సిమెంటు, అదే రంగు. ఇప్పుడే చేయించి వేవ్ పూల్ పక్కన ఎండకి పడమటి ముఖంగా నిలబెట్టండి. వేసవి, వానాకాలం దాటాక దాని అంచు దగ్గర గోరుతో గీకి చూసి, అప్పుడు మిగతా గోడలకి సంతకం పెట్టండి.